కొండల కింద సుడి

ఇంటి వెనక వసారా, మధ్యాహ్నం మూడు గంటలు. మామగారు టేబుల్ ఫ్యాను విప్పి, ముక్కలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. భూకంపాలు కొలిచే ఆఫీసు నుంచి కోడలు వేళ కాని వేళ ఇంటికొచ్చింది. అదే ఆఫీసులో ఆయన ముప్ఫై ఏళ్ళు పరికరాలకి గుంటలు తవ్వి, రెండేళ్ళ క్రితం రిటైరయ్యారు.

"అడిగినదానికి చెప్పండి మామయ్యా. నాలుగో కొండ మీద పెట్టెని ఎటు తిప్పి పాతారు?"

"ఆ చిన్న స్క్రూ ఇలా అందుకో అమ్మాయ్. నీ కాలి దగ్గరే పడింది."

"ఇదిగో. నాలుగో కొండ."

"నాలుగో కొండంటే జలగల కొండ కదూ. మేజోళ్ళలోకి కూడా దూరేవి. ఒకసారి ఏమైందంటే..."

"తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. నేను జలగల సంగతి అడగలేదు."

"ఎటు పాతుతారమ్మా? పెట్టె మీద బాణం గుర్తుంటుంది. బాణం ఉత్తరానికి పెట్టమంటారు. ఉత్తరానికే పెట్టాను."

"పెట్టలేదు."

"పన్నెండు కొండలు, పధ్నాలుగు పెట్టెలు. పాతి పదకొండేళ్ళయింది, తవ్వి తీసేసి తొమ్మిదేళ్ళయింది. ఎటు పెట్టానో ఇప్పుడెవరు చూసొచ్చారు?"

"భూకంపాలు చూసొచ్చాయి."

"బావుంది."

"నవ్వకండి. సముద్రం అవతల ఎక్కడో భూమి కదిలింది. ఎక్కడ కదిలిందో లోకమంతటికీ తెలుసు. ఆ అల భూమి కడుపులోంచి వచ్చి మీ పెట్టెని కింద నుంచి తట్టింది. ఏ వైపు నుంచి తట్టిందో పెట్టె చెప్పాలిగా. అది చెప్పిన వైపు భూకంపమే లేదు. ముప్ఫై నాలుగు డిగ్రీలు పక్కకి చెప్పింది."

"ఒక్కదాంతో తేలుతుందా?"

"రెండొందల పదహారు భూకంపాలు చూశాను. ప్రతిదానికీ అదే ముప్ఫై నాలుగు."

"పెట్టె పాడయ్యుంటుంది."

"పాడైన పెట్టె పూటకో మాట చెబుతుంది. ఇది రెండేళ్ళపాటు ఒకే అబద్ధం చెప్పింది. తిప్పి పాతేసిన పెట్టె అయితేనే అలా చెబుతుంది."

"వయసు మీద పడింది తల్లీ. చెయ్యి వణికిందేమో."

"అప్పటికి మీకు యాభై ఒకటి. ఈ ఇంటి పునాదికి దారం పట్టింది మీరే. మేస్త్రీ ఇప్పటికీ చెబుతాడు, ఒక్క గోడ వెంట్రుక వాసి పక్కకి పోలేదని. మీ చెయ్యి వణికిందంటే నేను నమ్మాలా?"

"సరే, ఒక పెట్టె పక్కకి పోయింది. ఏమంటావు?"

"ఒకటేనా?"

"నాకేం తెలుసు?"

"ఎన్నో చెప్పండి చూద్దాం."

"ఆ రెక్క కాస్త పట్టుకో, జారిపోతోంది."

"పట్టుకున్నాను. ఎన్ని?"

"తొమ్మిది."

"తొమ్మిది. నాకు మూడు నెలలు పట్టింది మామయ్యా ఆ లెక్క తేలడానికి. మీకు గుటక వేసేంతసేపు పట్టలేదు."

"తెలివైనదానివి. మావాడు నిన్ను చేసుకుంటానన్నప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల దగ్గర ఏదీ దాగదని."

"ఇప్పుడు పొగడ్తలొద్దు. ఎందుకు చేశారు?"

"నేనేం చెయ్యలేదు. కుర్చీ చెప్పినట్టు చేశాను."

"మా సార్‌ని అలా అనకండి."

"కొండ మీదకి మడతకుర్చీ మోయించుకున్నవాణ్ణి మరేమనాలి? మోసింది నేనే కదా. పెట్టె పన్నెండు కిలోలు, కుర్చీ ఆరు. దించేటప్పుడు పెట్టె జాగ్రత్త అని ఒక్కసారీ అనలేదు. కుర్చీ జాగ్రత్తోయ్ అనేవాడు."

"కుర్చీ మోయించాడని తొమ్మిది పెట్టెలు తిప్పేశారా?"

"కుర్చీదేముంది, మోత మోతే. విను. నల్లరాయి కొండల మీద దిక్సూచి నిలవదు. ఆ రాతిలో ఇనుముంటుంది, సూదిని పట్టి లాగుతుంది. అడుగు ఇటు జరిపితే ఇటు, అటు జరిపితే అటు. ఇద్దరు పెళ్ళాల మొగుడిలా ఎవరు లాగితే వాళ్ళ వైపు. అందుకని నేను కర్ర పాతుకునేవాణ్ణి. మధ్యాహ్నం దాని నీడ ఎక్కడ బాగా పొట్టిదవుతుందో అక్కడ దారం పట్టుకుంటే అదే ఉత్తరం దక్షిణం. సూర్యుడికి ఇనుముతో పనిలేదు."

"ఈ సంగతి ఆయనకి చెప్పారా?"

"రెండో కొండ మీద చెప్పాను. పధ్నాలుగు మంది స్టూడెంట్ల ముందు. సార్, ఈ రాయి మీద సూది మాట వినకండి అన్నాను. నా కర్ర ఇలా ఇమ్మన్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆది మానవుడివా నువ్వు అన్నాడు. పిల్లలు నవ్వారు. మోకాలికేసి రెండు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టించాడు. దాని మీదే టీ మరిగింది. నాకూ ఒక గ్లాసు ఇప్పించాడు."

"తాగారా?"

"తాగాను. చక్కెర ఎక్కువైంది."

"ఇంకేమన్నాడు?"

"చదువుకున్నవాళ్ళు చెబుతారు, నువ్వు చెయ్యి అన్నాడు. చేశాను అమ్మాయ్. రాయి మీద దిక్సూచి పెట్టమన్నాడు, పెట్టాను. సూది చూపించినవైపే బాణం తిప్పమన్నాడు, తిప్పాను. అయిదు చోట్ల రాయి మంచిది, సూదిని తన దారిన వదిలేసింది. తొమ్మిది చోట్ల లాగేసింది. అబద్ధమని కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది. నోరు మూసుకుని మట్టి కప్పాను. అంత బుద్ధిగా ఇంకే పనీ నా జన్మలో చెయ్యలేదు."

"తర్వాత ఆ తొమ్మిది అబద్ధాలూ కలిస్తే ఏం తయారైందో తెలుసుగా?"

"ఎందుకు తెలీదు? సుడి."

"నవ్వొస్తోందా?"

"ఆఫీసు మెట్ల దగ్గర గోడంత బొమ్మ పెట్టారు చూడు, పన్నెండు కొండలు, వాటి కింద గుండ్రంగా తిరిగే బాణాలు. దాన్ని తగిలించిన రోజు స్టోర్‌రూములోకి వెళ్ళి తలుపేసుకుని నవ్వాను. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మరీ నవ్వాను."

"ఆ బాణాలంటే ఏమిటో తెలిసే నవ్వారా?"

"ముప్ఫై ఏళ్ళు మీ మధ్యే తిరిగాను, ఆ మాత్రం తెలీదా? ఈ అగ్గికొండలన్నీ ఒకే తల్లి బిడ్డలా, ఎవరి పొయ్యి వాళ్ళదా అని కదా మీ గొడవంతా. తల్లి ఎంత లోతున ఉందో తవ్వి చూడలేరు కాబట్టి భూకంపాల అలల్ని అడుగుతారు."

"అడుగున ఆ రాయి చాలా మెల్లగా పారుతుంది మామయ్యా. అల దాన్ని దాటొచ్చేటప్పుడు రెండుగా చీలుతుంది. ఏ దిక్కుగా ఊగే ముక్క ముందొస్తే రాయి ఆ దిక్కుగా పారినట్టు. పధ్నాలుగు చోట్ల బాణాలు గీస్తే గుండ్రంగా తిరిగాయి. రెండొందల కిలోమీటర్ల లోతున సుడి ఉందన్నారు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదన్నారు."

"ఎక్కడుంటుంది? ప్రపంచంలో ఇంకెక్కడా నేను గుంటలు తవ్వలేదుగా."

"జోకులెయ్యకండి."

"జోకు కాదు తల్లీ. రిటైరైన రోజు కుర్చీ నాకేమిచ్చాడో గుర్తుందా?"

"దిక్సూచి. ఇత్తడిది."

"ఇకనైనా వాడటం నేర్చుకోవయ్యా అన్నాడు మైకులో. హాలంతా చప్పట్లు. నువ్వూ కొట్టావు."

"నాకేం తెలుసు మామయ్యా అప్పుడు?"

"తప్పు పట్టడం లేదు. నేనూ కొట్టాను."

"ఎప్పటికి బయటపెడదామనుకున్నారు?"

"మొదటి మెట్టు మీద నుంచి తోస్తే మోకాలు దోక్కుపోతుంది, అంతే. వచ్చే ఏడు మొత్తం సంస్థకే పెద్దని చేస్తారట కుర్చీని. అదిగో, ఆ దండలు మెడలో ఉండగా లేచి నిలబడి ఒక్క మాట అడుగుదామనుకున్నాను. సార్, ఒకసారి కొండెక్కుదామా అని."

"కొండెక్కి?"

"పెట్టె కింద సిమెంటు పలక వేస్తాం కదా. ప్రతి పలక కిందా, రాతి మీద, అసలు ఉత్తరం గీత ఉలితో కొట్టి పెట్టాను. ఒక కర్ర విరిస్తే ఇంకో కర్ర దొరకదా? పధ్నాలుగు గుంటల్లోనూ కొట్టాను. పెట్టెలు తీశారు గాని పలకలు అక్కడే ఉన్నాయి. ఎత్తి చూస్తే రాతి మీద గీత ఒకవైపు, పలక మీద కుర్చీ గీయించిన బాణం గుర్తు ఒకవైపు. చదువు రానివాడికి కూడా తెలుస్తుంది ఎవరికి దిక్కులు తెలుసో."

"పదకొండేళ్ళు కడుపులో పెట్టుకున్నారు."

"పాముకి పగ పన్నెండేళ్ళంటారు. ఇంకో ఏడు గడువుంది నాకు."

"మరి నేను?"

"నువ్వేంటి?"

"నేను ఈ ఇంటికొచ్చి ఆరేళ్ళయింది. అయిదేళ్ళ నుంచి ఆ సుడి మీదే పని చేస్తున్నాను. ఇక్కడే, ఈ వసారాలో, ఈ బల్ల మీద బొమ్మలు గీశాను. మీరు పక్కన కూర్చుని పేపర్ చదువుకున్నారు."

"కాఫీ కూడా పెట్టిచ్చాను."

"అమ్మాయి బాణాలు భలే గీస్తుందని మీ అబ్బాయితో అన్నారు."

"నిజమేగా. బాగా గీశావు."

"అబద్ధాన్ని బాగా గీశాను. మీకది తెలుసు."

"చూడు తల్లీ. ఏనుగు కూలితే అందరూ ఏనుగునే చూస్తారు. దాని తోక మీద వాలిన ఈగని ఎవరు పట్టించుకుంటారు అనుకున్నాను."

"ఈగనా నేను?"

"మాటవరసకి అన్నాను."

"సుడి మీద అచ్చయిన వ్యాసాలెన్నో తెలుసా మీకు? మూడు. మూడింటి మీదా మొదటి పేరు నాది. ఆయన సుడి గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు గాని తన పేరు ముందుంచి అచ్చులో ఒక్క ముక్క వెయ్యలేదు. రెండు వ్యాసాల్లో చివర చిన్నగా ఉన్నాడు. మూడోది మొన్న అచ్చుకెళ్ళేముందు ఆ పేరు కూడా తీయించుకున్నాడు. నేను పాతకాలం వాణ్ణమ్మా, పిల్లలు ముందుకు రావాలి అన్నాడు."

"కుర్చీయా? కుర్చీ ఇంకొకళ్ళని ముందుకు రమ్మన్నాడా?"

"నాకూ అదే అనిపించింది. తర్వాత తెలిసింది. కిందటి నెల నుంచి బయటివాళ్ళు ఎవరో వచ్చి అవే కొండల మీద కొత్త పెట్టెలు పాతుతున్నారు. ఉత్తరం ఎటుందో ఆ పెట్టెలే వెతుక్కుంటాయట. సూదితో పనిలేదు, కర్రతోనూ పనిలేదు."

"అంటే..."

"అంటే ఏడాది తిరిగేసరికి సుడి లేదని తేలిపోతుంది."

"ఆ సంగతి కుర్చీకెలా తెలుస్తుంది? సుడి ఉందనే కదా వాడనుకుంటున్నాడు."

"ఈ కాగితం చూడండి. పాత ఫైళ్ళ డబ్బాలో అడుగున దొరికింది."

"కళ్ళద్దాలు లోపలున్నాయి."

"నేను చదువుతాను. ఒకటో పెట్టె, సున్నా. రెండోది, పంతొమ్మిది డిగ్రీలు పడమరకి. మూడోది, సున్నా. నాలుగోది, ముప్ఫై నాలుగు."

"ఆగు."

"అయిదోది, ఇరవై ఎనిమిది."

"ఆగమన్నానా. అది ఎవరి రాత?"

"ఆయన చేతిరాతే. కింద తారీఖు కూడా ఉంది. మీరు పెట్టెలు తవ్వి తీసిన నెలకే ఈ లెక్క కట్టుకున్నాడు. సుడి మీద మొదటి ఉపన్యాసం ఆ తర్వాత రెండు నెలలకి."

"తొమ్మిదేళ్ళుగా తెలుసా వాడికి?"

"తెలుసు."

"నేను తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నప్పుడు వాడు అద్దాల గదిలో కూర్చుని నవ్వుతున్నాడన్నమాట."

"నా పెళ్ళయిన మరుసటేడు నన్ను పిలిచి ఆ డేటా చేతిలో పెట్టాడు. మీ మామ తవ్విన గుంటలమ్మా, నీకంటే హక్కెవరికుంది అన్నాడు. నేను పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి మీకే ముందు చెప్పాను. మీరేమన్నారు?"

"ఏదో అన్నాను."

"మంచిది తల్లీ అన్నారు."

"అప్పుడు వాడి ఎత్తు నాకెలా తెలుస్తుంది?"

"వాడి ఎత్తు తెలీదు. పెట్టెల సంగతి తెలుసుగా. ఇంకోటి కూడా ఉంది. వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం ఆయనే దగ్గరుండి రాయించాడు."

"అదా. పరికరాల దిక్కులు నిర్ణయించినవారు అని నా పేరు. జిరాక్స్ తీయించి బీరువాలో పెట్టుకున్నాను. ఎంతైనా ఒక్క మంచి పని చేశాడులే అనుకున్నాను."

"ముప్ఫై ఏళ్ళలో మీ పేరు అచ్చులో వేయించింది ఆ ఒక్కసారే మామయ్యా. దిక్కులు తప్పని తెలిసి వేయించాడు."

"ఉరితాడు పేని, ఎవరి మెడకో కొలత కూడా రాసిపెట్టాడు."

"రెండు మెడలకి."

"లే. బండి తియ్యి."

"ఎక్కడికి?"

"ఆఫీసుకి. వాడి గదిలోకి. కుర్చీలో ఉండగానే..."

"వెళ్ళి ఏమంటారు? కావాలనే తప్పు పెట్టానంటారా? మామ కావాలని పెట్టెలు తిప్పి పాతాడు, కోడలు వాటి మీద మూడు వ్యాసాలు రాసి డాక్టరేటుకి కూర్చుంది. వినేవాళ్ళు ఏమంటారు?"

"తోడుదొంగలంటారు."

"ఆయనకి కావలసింది అదే. చూశారా, ఇద్దరూ ఒక ఇంటివాళ్ళే, నన్ను ముంచారు అని కళ్ళు తుడుచుకుంటాడు. గోతులు తవ్వడం మీకొక్కరికే తెలుసనుకున్నారు."

"తప్పు సరిదిద్దితే? బాణాలు మళ్ళీ గీస్తే?"

"గీశాను. పధ్నాలుగూ ఒకే వైపు తిరిగాయి. సుడీ లేదు, గిడీ లేదు. వేడి రాతిలో అల నడక మందగిస్తుంది కదా, ఆ ఆలస్యమంతా చివరి కొండ కిందే ఉంది. వేరు ఒక్కటే. నిలువుగా, నాకు అందినంత లోతుకీ దిగిపోయింది. మిగతా పదకొండూ ఒకప్పుడు దాని మీదే పుట్టి, నేల జరుగుతుంటే దాంతోపాటు వరసగా జరిగిపోయినవి."

"ఒకే తల్లి."

"ఒకే తల్లి. తొమ్మిదేళ్ళ క్రితమే తేలాల్సిన మాట. మీ ఇద్దరి పగల మధ్యా ఇరుక్కుపోయింది."

"మాటలు పడతానులే. ముందు నీ సంగతి చెప్పు. నీకేమవుతుంది?"

"మూడు వ్యాసాలూ వెనక్కి తీసుకోవాలి. డాక్టరేటు ఆగిపోతుంది. అంతటితో పోతే అదృష్టం. మోసమని తేలితే మళ్ళీ ఏ ఆఫీసూ గడప తొక్కనివ్వదు. పొరపాటని తేలితే, మళ్ళీ మొదట్నుంచి చదువుకోనిస్తారు."

"పొరపాటంటే ఎవరి పొరపాటు?"

"ఎవరిదో ఒకరిది ఉండాలిగా."

"అయితే నా మాట విను. కావాలని అన్న ముక్క ఎక్కడా రానివ్వకు. కర్ర గొడవ, టీ గొడవ ఏదీ వద్దు. మా మామకి ఆ పని చేతకాదు, దిక్సూచి చూడటం కూడా సరిగ్గా రాదు, నేను నమ్మి మోసపోయాను అని రాయి. అప్పుడు నీది దొంగతనం కాదు, ఇంట్లో పెద్దవాణ్ణి నమ్మావు, అంతే."

"అలా రాస్తే మీ పేరేం కావాలి?"

"పోనీ. ముప్ఫై ఏళ్ళు నేను కొట్టిన గీతకి తిరుగు లేదన్నారు. ఇంక గీతలు కొట్టే పని లేదుగా నాకు. నా గురించి కుర్చీ అన్నదే నిజమైపోనీ."

"పలకల కింద గీతలున్నాయే. అవి చూస్తే మీకు దిక్కులు తెలుసని బయటపడుతుంది."

"రేపు పొద్దున్న మొదటి బస్సుకి పోతాను. పధ్నాలుగు గుంటలు, వారం పడుతుంది. అన్నీ చెక్కేసి వస్తాను. మావాడికి, చుట్టాలింటికి వెళ్ళానని చెప్పు."

"కొండలు ఎక్కగలరా ఇప్పుడు?"

"కుర్చీ మోసే పని లేదుగా. రాసుకో తల్లీ, నేను చెబుతాను. ఎంత చేతకానివాడిగా రాస్తే అంత మంచిది, సంతకం పెడతాను."

"కూర్చోండి మామయ్యా."

"కాగితం తెచ్చుకో ముందు."

"అక్కర్లేదు. నిన్న సాయంత్రమే సంస్థకీ, ఆ వ్యాసాలు వేసిన పత్రికలకీ మెయిల్ పంపేశాను. ఆయన లెక్క కాగితం జతచేసి, తెలిసీ దాచాడని రాశాను. మూడు వ్యాసాలూ వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. మీ గురించి కూడా సరిగ్గా ఇప్పుడు మీరన్నదే రాశాను. చేతకాని మనిషి, దిక్కులు తెలియవు అని."

"నిన్ననే పంపేస్తే, ఇవాళ వచ్చి ఇదంతా ఎందుకు తవ్వావు?"

"మీ నోట వినాలనిపించింది."

"నేను ఒప్పుకుంటానని నిన్ననే ఎలా అనుకున్నావు?"

"ఒప్పుకుంటారని కాదు మామయ్యా, ఆ మాట మీరు చచ్చినా ఒప్పుకోరనే ఏరుకుని రాశాను. నేను అబద్ధం గీస్తుంటే అయిదేళ్ళు పక్కన కూర్చుని చూశారుగా."